పంచాయతీ ట్రాక్టరు: చక్రపు బేరింగులు, స్టీరింగు భాగములు మార్చు విధానము

గ్రామ పంచాయతీకి గల ఆస్తులలో పెక్కింటికి కదలిక లేదు. కార్యాలయ భవనము, మంచినీటి ట్యాంకు, బడి ప్రహరీ గోడ కట్టిన చోటనే యుండును. వానిలో లోపము ఏర్పడినచో దానిని చూచి, తీర్మానము చేసి, బాగుచేయించుటకు కొంత వ్యవధి దొరకును. ట్రాక్టరు సంగతి అట్టిది కాదు. అది ప్రతి ఉదయము వీధులలో తిరుగును. నీళ్ల ట్యాంకరును లాగును. బడికి పోవు పిల్లల ప్రక్కనుండి పోవును. దాని చక్రములోని లోపము నెలల తరబడి దాగి యుండి, ఒక్క క్షణమున బయటపడును.

తెలంగాణలో 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి కార్యక్రమము ప్రారంభమైన పిమ్మట గ్రామ పంచాయతీలు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చుకొన్నవి. చెత్త సేకరణకు, నాటిన మొక్కలకు నీరు పోయుటకు ఇవి నిత్యము ఉపయోగపడుచున్నవి. ఆనాడు కొన్న బండ్లకు ఇప్పుడు ఐదేండ్లు దాటినవి. ఇంజను ఆగిపోయిన ఊరంతకును తెలియును. చక్రము లోపలి బేరింగు అరిగిన, నడుపువానికి తప్ప మరెవ్వరికిని తెలియదు. అతడు చెప్పిన మాటను విని అర్థము చేసికొనువారు పంచాయతీలో లేనిచో, ఆ తెలివి వలన ప్రయోజనము లేదు.

కావున ఈ పాఠమున అరుగుదలను కనిపెట్టు విధమును, భాగములను మార్చునప్పుడు గమనింపవలసిన విషయములను, పంచాయతీ చేయదగిన ఏర్పాట్లను వరుసగా వివరింతుము. సభ్యులు మెకానిక్కులు కానక్కరలేదు. పని సరిగా జరిగినదో లేదో అడిగి తెలిసికొనగలిగిన చాలును.

బండి ఇరుసు నుండి బేరింగు వరకు

ఎద్దుబండి చక్రపు కుండ ఇనుప ఇరుసుపై ఒరసికొనుచు తిరుగును. ఆ ఒరపిడిని తగ్గించుటకు కందెన పెట్టుదురు. చక్రము జారిపోకుండ ఇరుసు కొనకు కడచీల బిగింతురు. ఎద్దులు నడచు వేగమునకు ఈ ఏర్పాటు సరిపోయినది. వేగము, బరువు పెరిగిన కొలది ఒరసికొను తీరును మార్చవలసి వచ్చినది. 1794లో వేల్సు దేశీయుడగు ఫిలిప్ వాన్ బండి ఇరుసున గుండ్లు పొందుపరచు విధమునకు పేటెంటు పొందెను. ఇప్పటి బాల్ బేరింగునకు అదియే మొదలు. 1898లో అమెరికాలో హెన్రీ టిమ్కెన్ ఏటవాలు రోలర్ల బేరింగునకు పేటెంటు పొందెను. నేటి ట్రాక్టరు ముందు చక్రములలోను, ట్రాలీ చక్రములలోను సాధారణముగా నుండునది ఈ రెండవ రకమే. దీనిని టేపర్ రోలర్ బేరింగు అందురు.

ఈ బేరింగునకు రెండు ముఖ్య భాగములు కలవు. లోపలి దానిని కోను అందురు. దాని చుట్టును ఒక కొన సన్నముగను, ఒక కొన లావుగను ఉండు చిన్న రోలర్లు వరుసగా అమర్చబడి యుండును. వెలుపలి వలయమును కప్పు అందురు. కోను ఇరుసు కొనపై కదలక కూర్చుండును. కప్పు చక్రపు హబ్బులో బిగిసియుండి, చక్రముతో పాటు తిరుగును. రెంటి నడుమ రోలర్లు దొర్లును. ప్రతి హబ్బులోను ఇట్టి బేరింగులు రెండు, ఒకదానికొకటి ఎదురుగా అమర్చబడును. లోపలిది పెద్దది, వెలుపలిది చిన్నది. బండి ఎడమకు తిరిగినప్పుడు చక్రమును ఒక ప్రక్కకు త్రోయు బలమును ఒకటి ఓర్చుకొనిన, కుడికి తిరిగినప్పుడు రెండవది ఓర్చుకొనును. కావుననే రెండును సరిగా నుండవలెను. ఒకటి చెడిన, రెండవదియు త్వరలోనే చెడును.

కడచీల స్థానమున ఇప్పుడు పండ్ల నట్టు, దానికి అడ్డముగా దూర్చు స్ప్లిట్ పిన్ను ఉన్నవి. పిన్ను చిన్నదే. కాని నట్టు తిరిగి ఊడి రాకుండ ఆపునది అది యొక్కటియే.

బరువు లెక్క

ఒక లీటరు నీరు ఒక కిలో బరువు తూగును. ఐదు వేల లీటర్ల ట్యాంకరు నిండినచో నీటి బరువే ఐదు టన్నులు. ట్యాంకరు ఇనుము బరువు దీనికి అదనము. రెండు చక్రముల ట్యాంకరులో కొంత భాగము ట్రాక్టరు కొక్కెముపై పడగా, తక్కినదంతయు ఆ రెండు చక్రముల హబ్బులే మోయవలెను. అనగా అరచేతిలో ఇముడు ఒక జత బేరింగులపై రెండు టన్నులకు పైబడిన భారము పడుచున్నది. గుంతలో చక్రము దిగినప్పుడు ఈ భారము క్షణకాలము మరింత పెరుగును. సగము నిండిన ట్యాంకరులో నీరు ముందునకు వెనుకకు కొట్టుకొనుట వలన కలుగు తాకిడి వేరు. ఈ లెక్క తెలిసినవారు బేరింగును చిన్న వస్తువని తేలికగా చూడరు.

అరుగుదలకు కారణములు

మంచి గ్రీజు, తగిన బిగువు ఉన్నచో బేరింగు చాలకాలము మన్నును. అకాలమున చెడుటకు కారణములు ముఖ్యముగా ఐదు. మొదటిది నీరు, బురద. మురుగు కాలువల ప్రక్కను, డంపింగు యార్డులోను తిరుగు బండికి హబ్బులోనికి నీరు చేరును. లోపలి ప్రక్కనున్న నూనె సీలు చిరిగినచో ఈ ప్రమాదము హెచ్చు. రెండవది దుమ్ము. గ్రీజుతో కలిసిన సన్నని ఇసుక గట్టి ఉక్కును కూడ సానరాయివలె అరగదీయును. మూడవది గ్రీజు లేకుండుట. నాల్గవది మితిమీరిన బరువు. ఐదవది బిగువులో పొరపాటు. మరీ బిగించిన బేరింగు వేడెక్కి మాడును. మరీ వదులుగా నున్న బేరింగు ఇరుసు కొనను కొట్టుకొని దానిని కూడ పాడుచేయును.

ఈ చివరి మాట ఖర్చు దృష్టితో మిక్కిలి ముఖ్యమైనది. సకాలమున మార్చిన, ఒక జత బేరింగులు, ఒక సీలుతో పని ముగియును. ఆలస్యము చేసిన, ఇరుసు కొన కూడ అరిగి, దానిని సైతము మార్చవలసి వచ్చును. అరిగిన ఇరుసు కొనపై క్రొత్త బేరింగు వేసినను నిలువదు.

నెలకొక మారు పరీక్ష

ఈ పరీక్షకు ఇద్దరు మనుష్యులు, ఒక జాకీ, రెండు స్టాండ్లు, నాలుగు చెక్క దిమ్మలు కావలెను. ట్రాలీని విడదీసి, ట్రాక్టరును సమతలమగు గట్టి నేలపై నిలుపవలెను. హ్యాండు బ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందును వెనుకను దిమ్మలు పెట్టవలెను. ముందు యాక్సిలు క్రింద జాకీ పెట్టి ఒక చక్రమును నేల నుండి లేపి, యాక్సిలు క్రింద స్టాండును ఉంచి దానిపై దింపవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. ఇటుకలు, రాళ్లు పేర్చుట ప్రమాదకరము. ఇటుక పగులుటకు ముందు ఏ సూచనయు ఈయదు.

పిదప చక్రమును చేతితో త్రిప్పి చూడవలెను. గరగరమను చప్పుడు వచ్చినను, తిరుగుటలో తట్టుకొనినట్లున్నను బేరింగు గతుకులు పడినదని తెలిసికొనవలెను. అనంతరము గడియారములో పండ్రెండు, ఆరు అంకెలుండు చోట్ల, అనగా చక్రపు పై అంచును క్రింది అంచును పట్టుకొని, ఒకదానిని లోపలికి నెట్టుచు రెండవదానిని వెలుపలికి లాగవలెను. చక్రము ఊగిన, వదులు కలదన్నమాట. మెకానిక్కులు దీనిని ప్లే అందురు.

వదులు కనబడినంతనే బేరింగులు చెడినవని నిర్ణయింపరాదు. రెండవ మనిషి చక్రము వెనుక వైపు చూడవలెను. ఇరుసు కొన కదలక, హబ్బు మాత్రమే దానిపై ఊగుచున్నచో లోపము బేరింగులది. హబ్బుతో పాటు ఇరుసు కొన కూడ ఊగుచున్నచో లోపము కింగ్ పిన్నుది గాని, దాని బుష్షులది గాని అగును. ఈ భేదము తెలియక బేరింగులు మార్చి, వదులు పోలేదని మరల బిల్లు చెల్లించు సందర్భములు కలవు. కావున మరమ్మతునకు పంపుటకు ముందే ఈ పరీక్ష జరిపి ఫలితమును వ్రాసి యుంచుట మంచిది.

మరియొక సులభమైన పరీక్ష కలదు. బండి కొంత దూరము నడచి వచ్చి ఆగిన వెంటనే ప్రతి హబ్బు వద్దకు చేతి వెనుక భాగమును మెల్లగా తీసికొనిపోయి వేడిని పోల్చి చూడవలెను. రెండు ప్రక్కలను సమానమైన గోరువెచ్చదనము ఉండవచ్చును. ఒక ప్రక్క హబ్బు రెండవ దానికంటె చాల వేడిగా నున్నచో ఆ బండిని మరల రోడ్డు ఎక్కించరాదు.

బేరింగులు మార్చు క్రమము

ఇచ్చట చెప్పునది వెనుక చక్రములు మాత్రమే లాగు మామూలు ట్రాక్టరును గురించి. నాలుగు చక్రములు లాగు ట్రాక్టరు ముందు హబ్బులో గేర్లు, నూనె ఉండును. దానిని శిక్షణ పొందిన మెకానిక్కే విప్పవలెను.

చక్రము నేలపై నుండగనే దాని నట్లను కొంచెము వదులు చేసి, తరువాత బండిని లేపి స్టాండుపై నిలిపి, చక్రమును తీయవలెను. హబ్బు మూతను, స్ప్లిట్ పిన్నును, నట్టును, వాషరును వరుసగా తీసి శుభ్రమైన గుడ్డపై పేర్చవలెను. హబ్బును లాగునప్పుడు వెలుపలి బేరింగు జారి పడును. దానిని అరచేతితో ఆపవలెను. తరువాత హబ్బు వెనుక నున్న సీలును, లోపలి బేరింగును తీయవలెను. అన్నింటిని కిరసనాయిలుతో గాని డీజిలుతో గాని కడుగవలెను. పెట్రోలు నిప్పు అంటుకొను వస్తువు గనుక వాడరాదు. కడిగిన బేరింగును గాలి గొట్టముతో గిర్రున త్రిప్పి ఆరబెట్టు అలవాటు కొన్ని షెడ్లలో కలదు. గ్రీజు లేని బేరింగు అట్లు తిరిగిన పాడగును; రోలరు ఎగిరి కంటికి తగులవచ్చును.

పాత కప్పు హబ్బులో బిగిసి యుండును. వెలుపలి కోనుతో పాటు కోనును మాత్రమే మార్చి, కప్పును అట్లే విడుచుట తప్పు. పాత కప్పులో పడిన గతుకులు క్రొత్త రోలర్లను కొద్ది దినములలో చెరచును. కప్పు, కోను ఒకే జతగా మారవలెను. కప్పును ఇత్తడి కడ్డీతో ఎదురెదురు ప్రక్కల మార్చి మార్చి కొట్టి తీయవలెను. గట్టి ఉక్కును ఉక్కు సుత్తితో నేరుగా కొట్టిన పెళ్లలు లేచి కన్ను పోగొట్టగలవు. కంటికి అద్దములు లేనిదే ఈ పని చేయనీయరాదు. క్రొత్త కప్పు హబ్బులోని మెట్టుకు ఆనువరకు సమముగా దిగవలెను. అది ఆనినప్పుడు సుత్తి శబ్దము మారి గట్టిగా ఖంగుమని వినవచ్చును. అనుభవము గల పనివారు ఈ శబ్దమును బట్టియే గుర్తింతురు.

గ్రీజు పెట్టుట పైపైన పూయు పని కాదు. శుభ్రమైన అరచేతిలో వీల్ బేరింగు గ్రీజును పెట్టుకొని, కోను లావు ప్రక్కను దానికి అదిమి, రోలర్ల సందులలో నుండి రెండవ ప్రక్కకు గ్రీజు పొంగి వచ్చువరకు నొక్కుచు చుట్టును త్రిప్పవలెను. హబ్బు లోపల కొంత గ్రీజు ఉండవలెనే గాని, దానిని పూర్తిగా కూరి నింపరాదు. అట్లు నింపిన వేడి పెరిగి, గ్రీజు సీలును త్రోసికొని వెలుపలికి వచ్చును. సీలు ప్రతిసారియు క్రొత్తదే వేయవలెను.

అన్నింటిలోను మెలకువ గల పని నట్టు బిగువు. హబ్బును చేతితో త్రిప్పుచునే నట్టును బిగించుచు పోగా, ఒకచోట తిరుగుట కొంచెము బరువగును. రోలర్లు తమ స్థానములలో కుదిరినవనుటకు అది గుర్తు. అప్పుడు నట్టును కొద్దిగా వెనుకకు వదలి, పండ్ల సందు ఇరుసు కొనలోని రంధ్రమునకు ఎదురు వచ్చునట్లు చేయవలెను. ఎంత వదలవలెనో బండితో వచ్చిన పుస్తకమున వ్రాసి యుండును. దాని ప్రకారమే చేయవలెను. చివరకు చక్రము తేలికగా తిరుగవలెను, చేతికి తెలియునంతగా ఊగరాదు. స్ప్లిట్ పిన్ను క్రొత్తది వేసి దాని రెండు కాళ్లను విడదీసి వంచవలెను. పాత పిన్నునే సాగగొట్టి వేయుట, పిన్నుకు మారుగా మేకు గాని తీగ గాని దూర్చుట ఎన్నడును అనుమతింపరాదు. చక్రపు నట్లను ఎదురెదురుగా బిగించి, మొదటి దినము పని ముగిసిన తరువాత మరల ఒకమారు బిగువు చూడవలెను.

పాత బేరింగు చెప్పు సాక్ష్యము

తీసిన బేరింగును పారవేయక చూచినచో కారణము తెలియును. రోలర్లు నీలి రంగునకు తిరిగియున్న, గ్రీజు లేక గాని, బిగువు ఎక్కువై గాని మాడినవి. తుప్పు మచ్చలున్న, నీరు చేరినది. ఉక్కు పొరలు లేచి గుంటలు పడియున్న, మితిమీరిన బరువు గాని దీర్ఘకాలపు వాడుక గాని కారణము. సమాన దూరములలో నొక్కులు పడియున్న, గుంతలలో గట్టి దెబ్బలు తగిలినవి. మెరుపు పోయి బూడిద రంగుగా అరిగియున్న, దుమ్ము చేరినది. కారణము తీర్చకుండ బేరింగును మాత్రము మార్చిన, క్రొత్తదియు అదే దారిన పోవును.

బేరింగు అంచుపై చెక్కిన సంఖ్యను కూడ వ్రాసికొనవలెను. మిల్లీమీటర్ల కొలతతో చేసిన బేరింగులలో చివరి రెండంకెలను ఐదుతో గుణించిన లోపలి రంధ్రపు కొలత వచ్చును. 30206 అను దానికి 30 మిల్లీమీటర్లు, 32208 అను దానికి 40 మిల్లీమీటర్లు. అంగుళముల కొలతతో చేసిన వానికి ఈ లెక్క చెల్లదు. బిల్లుపై ఉన్న సంఖ్య, పాత బేరింగుపై ఉన్న సంఖ్య, బండి పుస్తకములోని సంఖ్య సరిపోవలెను.

స్టీరింగు భాగములు

నడుపువాని చేతిలోని చక్రము త్రిప్పుటకును, నేలపై చక్రములు తిరుగుటకును నడుమ ఒక గొలుసుకట్టు కలదు. మామూలు స్టీరింగు గల ట్రాక్టరులో ముందు గేరు పెట్టె, దాని నుండి దిగు డ్రాప్ ఆర్ము, దానికి తగిలించిన డ్రాగ్ లింకు, ఆ పిదప రెండు చక్రములను కలుపు టై రాడ్డు, చక్రమును నిలువుగా పట్టి త్రిప్పు కింగ్ పిన్ను. ఈ కడ్డీల కొనలలో గుండ్రని బాల్ జాయింట్లు ఉండును. ప్రతి కీలులోను కొంచెము అరుగుదల చేరి, అన్నియు కలిసి నడుపువాని చేతిలో పెద్ద వదులుగా కనబడును. అతడు చక్రమును త్రిప్పును. బండి వెంటనే వినదు. ఎదుట గేదె అడ్డము వచ్చినప్పుడు ఆ ఆలస్యమే ప్రాణాంతకము.

ఏ కీలు అరిగినదో కనుగొనుటకు సులభమైన ఉపాయము కలదు. ముందు చక్రములను తిన్నగా నేలపై నుంచి, ఒకరు స్టీరింగును కొద్దిగా ఎడమకు కుడికి ఊపుచుండవలెను. రెండవవారు గేరు పెట్టె నుండి చక్రము వరకు వరుసగా ప్రతి కీలును చేతితో తాకి చూడవలెను. కీలుకు ఒక ప్రక్కనున్న భాగము కదలుచు, రెండవ ప్రక్కనున్నది కదలకున్నచో కదలిక అచ్చట పోవుచున్నది. లోపము అచ్చటనే. హైడ్రాలిక్ పవర్ స్టీరింగు గల బండికి ఈ పరీక్ష ఇంజను నడుచుచుండగా చేయవలెను. అప్పుడు చూచువాడు చక్రములకు ఎదురుగా నిలువక, చేతులను, బట్టలను తిరుగు భాగములకు దూరముగా నుంచుకొనవలెను. గేరు న్యూట్రలులో నుండి, హ్యాండు బ్రేకు వేసియుండుట తప్పనిసరి.

టై రాడ్డు కొనను మార్చునప్పుడు పాత కొన ఎన్ని చుట్లు తిరిగి ఊడినదో లెక్కపెట్టి, క్రొత్తదానిని అన్ని చుట్లే ఎక్కింపవలెను. పెక్కు బండ్లలో ఒక కొన మర కుడి చుట్టు, రెండవది ఎడమ చుట్టు. కొనను ఊడదీయుటకు పుల్లరు వాడుట ఉత్తమము. మరల కొనపై సుత్తితో కొట్టరాదు. కింగ్ పిన్ను బుష్షులు మార్చునప్పుడు బుష్షులోని గ్రీజు రంధ్రము వెలుపలి నిప్పిలు రంధ్రమునకు సరిగా ఎదురు వచ్చినదో లేదో చూడవలెను. రంధ్రములు తప్పినచో నిప్పిలుకు ఎంత గ్రీజు కొట్టినను పిన్నుకు చేరదు. పని ముగిసిన వెంటనే గ్రీజుగన్నుతో కొట్టించి, పిన్ను అంచుల నుండి గ్రీజు వెలువడినదో లేదో సభ్యుడు స్వయముగా చూడవచ్చును.

ఈ మార్పుల తరువాత ముందు చక్రముల దిశను కొలువక బండిని తీసికొనిపోరాదు. ముందు చక్రములు వెనుక కంటె ముందు ప్రక్కన కొద్దిగా దగ్గరగా నుండునట్లు కంపెనీవారు నిర్ణయింతురు. దీనిని టో-ఇన్ అందురు. రెండు చక్రముల రిమ్ముల లోపలి అంచులపై హబ్బు ఎత్తున ముందు ప్రక్కను సుద్దతో గుర్తు పెట్టి, నడిమి దూరమును కొలువవలెను. బండిని సగము చుట్టు ముందునకు నెట్టగా ఆ గుర్తులు వెనుక ప్రక్కకు వచ్చును. మరల కొలువవలెను. రెండు కొలతల తేడాయే టో-ఇన్. అది పుస్తకములో చెప్పిన మిల్లీమీటర్లకు సరిపోవలెను. సరిపోకున్న, టైర్లు ఒక అంచున శీఘ్రముగా అరుగును. ముందు టైర్లు అట్లు అరిగియున్నట్లు కనబడినచో దిశ తప్పినదని అనుమానింపవచ్చును.

ఒక నియమమును ఎట్టి పరిస్థితిలోను సడలింపరాదు. పగిలిన లేక వంగిన స్టీరింగు భాగమును వెల్డింగు చేయించుట గాని, కాల్చి సరిచేయించుట గాని కూడదు. ఆ భాగముల ఉక్కుకు తగు గట్టిదనము కంపెనీలో వేడి చేసి చల్లార్చు క్రమమున వచ్చినది. ఊరి వెల్డింగు షెడ్డులోని మంట ఆ గుణమును చెరచును. తలుపు రెక్క అతికినట్లు ఇది అతుకదు. విరిగిన భాగమునకు క్రొత్తదే మందు.

ట్రాలీని మరువరాదు

కొన్ని జిల్లాలలో ట్రక్కు అనియు, మరికొన్నిట తొట్టి అనియు పిలువబడు ట్రాలీకి ఇంజను లేదు గనుక దానిపై ఎవరి కన్నును పడదు. ట్రాక్టరును సర్వీసుకు తీసికొనిపోవునప్పుడు దానిని విప్పి ఊరిలోనే విడిచిపోవుదురు. కాని బరువు మోయునది అదియే. పైన చెప్పిన పరీక్షలన్నియు ఖాళీ ట్రాలీకిని, ఖాళీ ట్యాంకరుకును జరుపవలెను. కొక్కెపు కడ్డీ, దాని పిన్ను, పిన్నుకు వేయు గొళ్లెము కూడ చూడవలెను.

ట్రాలీపై మనుష్యులను ఎక్కించుట గురించి ఒక మాట. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడగా పదిమందికి పైగా మరణించిరి. బేరింగు లోపము వలన ఆ దుర్ఘటన జరిగినదని మేము చెప్పుట లేదు. ట్రాలీలో కూర్చున్నవారికి బండి అదుపు తప్పినప్పుడు ఏ రక్షణయు లేదని అది తెలుపుచున్నది. చెత్త ఎత్తు పారిశుధ్య కార్మికులు ట్రాలీ అంచున నిలిచి పోవుట మన గ్రామములలో నిత్యము కనబడు దృశ్యము. చక్రము ఊడిన, ముందు పడువారు వారే.

పంచాయతీ బాధ్యత

1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను ప్రకారము, ప్రమాదము కలిగింపగల లోపము ఉన్నదని తెలిసియు, లేక మామూలు జాగ్రత్తతో తెలిసికొనదగి యుండియు, ఆ వాహనమును గాని ట్రాలీని గాని బహిరంగ స్థలమున నడుపుట నేరము. నడిపినవాడే గాక, నడిపించినవాడును, నడుపనిచ్చినవాడును ఈ సెక్షను క్రిందికి వత్తురు. "మాకు తెలియదు" అనుట చాలదు. జాగ్రత్తగా చూచిన తెలిసెడిదా అను ప్రశ్న వచ్చును.

ఒక సందర్భమును ఊహింతము. ఉదయము బండి తీయబోవుచు నడుపువాడు ఎడమ చక్రము గరగరమనుచున్నదని చెప్పినాడు. ఆ దినమున గ్రామమునకు అధికారుల పర్యటన కలదు. వీధులు శుభ్రపడవలెను. "ఈ ఒక్క దినము గడుపుము, రేపు చూతము" అని సర్పంచి అనిన, నడుపువాడు ఎదురాడగలడా? అతని వేతనము పంచాయతీ చేతిలో నున్నది. అతడు మౌనముగా బండి తీయును. ఇట్టి ఇరకాటమునకు తావు లేకుండ ముందుగనే నియమము చేసికొనుట సభ్యుల విధి. ఆ నియమము ఉన్నచో సర్పంచికిని మేలే. నిలిపిన బండికి కారణము తీర్మానమే చూపును గాని వ్యక్తి చూపనక్కరలేదు.

అట్టి తీర్మానమునకు ఒక నమూనాను ఇచ్చుచున్నాము.

"మన పంచాయతీ ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు చక్రములను, స్టీరింగు భాగములను ప్రతి నెల మొదటి వారమున నడుపువాడు, ఒక వార్డు సభ్యుడు కలిసి పరీక్షించి పుస్తకమున వ్రాయవలెను. చక్రము, స్టీరింగు, బ్రేకులలో లోపమున్నదని నడుపువాడు తెలిపిన దినమున, పరీక్ష ముగియువరకు బండిని రోడ్డుపైకి తీయరాదు. అట్లు తెలిపినందులకు నడుపువాని వేతనములో కోత విధింపరాదు. మార్చిన ప్రతి భాగము సంఖ్యను బిల్లుపై వ్రాయించి, పాత భాగమును తెచ్చి తరువాతి సమావేశమున చూపవలెను."

పుస్తకమున ఏడు గళ్లు చాలును: తేదీ, గంటల మీటరు అంకె, ఏ చక్రము, కనబడిన లోపము, మార్చిన భాగము సంఖ్య, చెల్లించిన మొత్తము, సంతకములు. ట్రాక్టరునకు కిలోమీటర్ల కంటె ఇంజను నడిచిన గంటలే సరియైన కొలత గనుక గంటల మీటరు పనిచేయునట్లు చూచుకొనవలెను. గ్రీజు పెట్టవలసిన గడువు కూడ బండి పుస్తకమున గంటలలోనే ఇచ్చియుండును. నీటిలో గాని బురదలో గాని పని చేసిన దినమున మాత్రము గడువునకై చూడక ఆనాటి సాయంకాలమే నిప్పిళ్లకు గ్రీజు కొట్టింపవలెను.

పాత భాగమును తెచ్చి చూపుట అను నియమము చిన్నదిగా తోచును. కాని దాని వలన రెండు ప్రయోజనములు కలవు. మార్చకయే మార్చినట్లు బిల్లు వ్రాయుటకు వీలుండదు. సమావేశమున సభ్యులు ఆ నీలి రంగు రోలర్లను చేతికి తీసికొని చూచినప్పుడు, వచ్చే నెల గ్రీజు ఖర్చునకు ఆమోదము తెలుపుటకు ఎవ్వరును వెనుకాడరు.

ఈ సంచిక మీ చేతికి అందిన వారముననే ఒక ఉదయము పని మొదలగుటకు పూర్వము నడుపువానిని పిలిచి, ఒక్కొక్క చక్రమును లేపి ఊపి చూడుడు. గంటసేపు పట్టును. వదులు లేదని తేలిన ఆ మాట తేదీతో సహా పుస్తకమున వ్రాయుడు. కలదని తేలిన, బండిని ఆ చోటనే నిలిపి మెకానిక్కును పిలిపింపుడు.